మూడోసారి అడగలేదు

మా ఊళ్ళో ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే "అబ్బే, మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగాకే "సరే, అరకప్పు చాలు" అని రెండు కప్పులు తాగాలి. అమెరికాలోని మా మిన్నెసోటాలో ఈ మొహమాటం ఎవరూ నేర్పరు, తల్లిపాలతోనే వస్తుంది. ఆ పాలు కూడా మేము మూడోసారి అడిగాకే తాగి ఉంటామని నా అనుమానం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మొహమాటాన్ని అడ్డం పెట్టుకుని మా ఆవిడ ఆర్డిస్‌ను ఒక దెబ్బ కొడదామనుకున్నాను. నలభై నాలుగేళ్ళ కాపురంలో నేను వేసిన ఎత్తులన్నిట్లోకీ అది పెద్దది. మిగతావి ఎలా తేలాయో మీకు తెలుసు కాబట్టి ఇప్పటినుంచే నవ్వడం మొదలుపెట్టకండి. కాస్త ఆగండి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు హార్లన్ బ్రెక్కె. ఈ ఫ్రాస్ట్‌విక్ ఊరి స్కూలు బస్సు ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపాను. నేను రిటైరైన ఏడాదే నా పధ్నాలుగో నంబరు బస్సు కూడా రిటైరైంది. ఇద్దరికీ కలిపి ఒకే కేకు కోశారు. బస్సును పాత ఇనుముకు వేస్తామంటే ప్రాణం ఒప్పక కొనుక్కొచ్చి ఇంటి పక్కన నిలబెట్టాను.

మాకు పిల్లలు లేరు. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజుకు నలభై మంది పిల్లలు నా వెనకే కూర్చున్నారు. సీట్ల వెనక వాళ్ళు గోళ్ళతో, కాంపాస్ ముళ్ళతో చెక్కిన పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్లో ఆ పేర్లు చూసి తిట్టేవాణ్ణి. ఇప్పుడు అప్పుడప్పుడు వెళ్ళి చదువుకుంటాను.

"ఇదివరకు వంటింటి కిటికీలోంచి సరస్సు కనిపించేది," అనేది ఆర్డిస్ ఆరేళ్ళుగా. "ఇప్పుడు నీ బస్సు పక్కకు బిగించిన, 'ఆగు' అని రాసిన ఎర్ర బోర్డు కనిపిస్తోంది."

"నువ్వు నాతో రోజూ అనే మాటే కదా అది."

"బోర్డు చెబితే ఊరంతా ఆగింది. నేను చెబితే నువ్వొక్కడివీ ఆగలేదు."

ఇలా సాగుతుండగా మొన్న ఫిబ్రవరిలో డాక్టరు నా గుండెలో ఒక వాల్వు బిగుసుకుపోయిందన్నాడు. బస్సులోదైతే నేనే మార్చేవాణ్ణి. ఇది నాలోది కాబట్టి మార్చి పన్నెండున ఆపరేషన్ పెట్టారు.

అప్పటికే ఇంకో పని నడుస్తోంది. మా పాత ఇంట్లో పడగ్గది మేడమీద, పదహారు మెట్లు. అందుకని ఆ ఇల్లు అమ్మేసి, ఊరి మధ్యలో మెట్లు లేని చిన్న ఇల్లు కొనడానికి ఒప్పందం రాసుకున్నాం. అమ్మేదానికీ కొనేదానికీ మార్చి ఇరవై నాలుగున ఒక్కరోజే సంతకాలు. ఇద్దరమూ పెట్టాలి. ఆ రోజు దాటితే ఒప్పందం పోయినట్టే. ఆపరేషన్ అయిన వారానికి నేను లేచి కూర్చుంటానని డాక్టరు అన్నాడు, మేము నమ్మాం.

కొత్త ఇంటి పెరడు మాత్రం టేబుల్ గుడ్డంత ఉంది. బస్సు ఎక్కడ పెట్టాలని అడిగితే ఆర్డిస్ "ఆ సంగతి తర్వాత చూద్దాంలే" అంది. పెళ్ళైనవాళ్ళకు ఈ మాటకు అర్థం వేరే చెప్పక్కర్లేదు.

ఈలోపు ఆసుపత్రి వాళ్ళు కాగితాలేవైనా రాయించుకున్నారా అని అడిగారు. అంతే, ఆర్డిస్ పట్టుకుంది.

"మా చుట్టం ఎల్‌రాయ్ సంగతి చూశావుగా? పక్షవాతం వచ్చి పడిపోతే, ఏ కాగితమూ లేక వాడి పెళ్ళాం తన ఇంటిని తనే అమ్ముకోడానికి ఎనిమిది నెలలు కోర్టు చుట్టూ తిరిగింది. అందుకే నువ్వు కత్తి కిందికెళ్ళే లోపల ఆ పవరాఫ్ అటార్నీ ఏదో రాయించు."

లాయరు పేరు డెనీస్ కాపెల్లి. న్యూజెర్సీ నుంచి వచ్చి రెండేళ్ళైంది. నేను ఆవిడకు 'ఒక్కమాట కాపెల్లి' అని పేరు పెట్టాను. మొదటి ఆదివారం చర్చి కింది హాల్లో కాఫీ కావాలా అని అడిగితే, మొదటిసారికే "ఇవ్వండి" అంది. హాలంతా చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆ పూట పాస్టరు గారు ప్రార్థనలో కూడా తడబడ్డారు.

"రెండు కాగితాలండీ," అంది కాపెల్లి. "ఒకటి ఆరోగ్యానికి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే డాక్టర్లతో ఎవరు మాట్లాడాలో అందులో రాస్తాం. రెండోది పవరాఫ్ అటార్నీ. ఇల్లు, బ్యాంకు, బండి, వీటికి మీ బదులు ఎవరు సంతకం పెట్టాలో ఇందులో రాస్తాం."

"నాకు తెలివి తప్పిందనుకోండి. అప్పుడది చెల్లదు కదా?" అన్నాను, చెల్లకపోతే బాగుండునని.

"మామూలుదైతే చెల్లదు. సరిగ్గా అవసరం పడ్డ రోజునే చచ్చూరుకుంటుంది. నేను రాసేది తెలివి తప్పినా చెల్లేది. మీరు రద్దు చేసేదాకా బతికే ఉంటుంది. లేదా మీరు పోయేదాకా."

"నేను పోయాక?"

"అదీ పోతుంది. ఆ తర్వాత సంగతి వీలునామా చూసుకుంటుంది."

"బండి అన్నారు. బండి అంటే... బస్సు కూడానా?"

"చక్రాలున్నవన్నీ."

గుండెలో ఆ బిగుసుకున్న వాల్వు ఇంకాస్త బిగుసుకుంది. నేను బల్లమీద ఛాతీ తెరిచి పడుకున్నట్టూ, ఆర్డిస్ ఒక చేత్తో ఆ కాగితం, ఇంకో చేత్తో పాత ఇనుము వాడి ఫోను నంబరు పట్టుకున్నట్టూ కళ్ళముందు బొమ్మ కట్టింది. ఆ తర్వాత కాపెల్లి ఇంకో అరగంట ఏదో చెప్పింది. అధికారం తీసుకున్నవాళ్ళు ఏం చేయాలి, ఏం చేయకూడదు, అలాంటివి. నేను తలైతే ఊపాను, చెవిన మాత్రం వేసుకోలేదు.

ఆరోగ్యం కాగితంలో వెంటనే ఆర్డిస్ పేరు రాయించేశాను. గుండెను ఆమె చేతిలో పెట్టడానికి నాకు భయం లేదు, బస్సును పెట్టడానికే భయం.

రెండో కాగితంలో నా స్నేహితుడు వెర్లిన్ స్టెన్‌రుడ్ పేరు రాయిద్దామనుకున్నాను. పెళ్ళాన్ని అడగకుండా ఇంకొకరి పేరు రాశానని తెలిస్తే ఈ ఊళ్ళో నేను తలెత్తుకు తిరగలేను. అలాగని అడిగితే ఒప్పుకుంటుంది. అప్పుడు మెరిసింది ఆలోచన. అడుగుతాను, కానీ రెండుసార్లే అడుగుతాను.

మార్చి రెండో తారీఖు పొద్దున్న, వంటింట్లో ఇద్దరమూ కాఫీ తాగుతున్నాం.

"ఆర్డిస్, ఆ పవరాఫ్ అటార్నీలో నీ పేరు రాయించనా?"

"అబ్బే, నాదెందుకు? ఆ వ్యవహారాలు నాకేం తెలుసు?"

ఒకటి.

"నువ్వుంటేనే బాగుంటుందేమో?"

"వద్దులే. నీకెవరు బాగుంటారనిపిస్తే వాళ్ళని పెట్టుకో."

రెండు. ఆర్డిస్ కప్పు పట్టుకుని నావైపు చూస్తూ కూర్చుంది. నేను మూడోసారి అడగాలి. గోడమీది గడియారానికి కూడా ఆ సంగతి తెలుసు. ఒక నిమిషం గడిచింది. కప్పు ఇంకా గాల్లోనే ఉంది.

"వాకిట్లో మంచు తోసి వస్తాను," అని లేచాను.

"రాత్రి మంచు పడలేదుగా."

"పడితే పనికొస్తుందని."

పార పట్టుకుని వాకిట్లోకెళ్ళి, లేని మంచును ఇరవై నిమిషాలు తోశాను. తిరిగొచ్చేసరికి కప్పు కడిగి బోర్లించి ఉంది. నేను గెలిచాననుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త సిగ్గుగా కూడా అనిపించింది. ఆ రెండోదాన్ని పక్కకు నెట్టేశాను.

మర్నాడు వెర్లిన్ దగ్గరికి వెళ్ళాను. వాడికి ఊళ్ళో 'అబ్బే వెర్లిన్' అని పేరు. వాడు పెళ్ళిలో పాస్టరు అడిగినప్పుడు కూడా మొదట "అబ్బే" అన్నాడని, పెళ్ళికూతురు ఓపిగ్గా ఆగిందని చెప్పుకుంటారు. వాడు గడ్డకట్టిన సరస్సుమీద తన చేపల గుడిసెలో, మంచులో తొలిచిన కన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్ వెర్లిన్, నాకేమైనా అయితే నా బదులు సంతకాలు నువ్వు పెట్టాలిరా."

"అబ్బే, నేనెందుకురా?"

"నువ్వైతేనే నమ్మకం."

"నాకంత అర్హత ఎక్కడిది? వద్దులే."

"నువ్వు తప్ప నాకెవరున్నార్రా!"

వాడు గాలం సర్దుకుని, "సరే, నువ్వంతగా అంటుంటే," అన్నాడు. మూడు అయ్యాయి. చేతులు కలుపుకున్నాం. చేప కూడా పడింది.

కాపెల్లి ఆఫీసులో కాగితం సిద్ధమైంది. సంతకం పెట్టబోతుంటే ఆవిడ నన్ను ఆపింది.

"రెండో పేరు కూడా ఉండాలండీ. మొదటివారు ఒప్పుకోకపోయినా, చేయలేకపోయినా వీళ్ళు చేస్తారు."

"మావాడు ఒప్పుకున్నాడు కదా."

"రేపు ఒప్పుకోకపోవచ్చు. ఎవరిని వేయమంటారు?"

నాకు దానగుణం పొంగుకొచ్చింది. "ఆర్డిస్‌ను వేయండి," అన్నాను. ఎలాగూ అవసరం రాదు. పైగా నీ పేరూ ఉందని ఇంటికెళ్ళి చెప్పుకోవచ్చు. నోటరీ ముద్ర వేయించుకుని ఇంటికెళ్ళి అలాగే చెప్పాను.

"ఓహో," అంది ఆర్డిస్. "రెండోదా?"

"రెండోదైతేనేం, ఉండటం ముఖ్యం కదా."

"అలాగే. బాగానే ఉంది."

మా ఊరి ఆడవాళ్ళు "బాగానే ఉంది" అంటే ఇంట్లో పిల్లలూ కుక్కలూ మంచం కింద దూరతాయి. నేను మాత్రం ఆసుపత్రికి బట్టలు సర్దుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. వాల్వు కొత్తది పడింది. ఇబ్బంది ఏమిటంటే, మత్తు దిగింది కానీ మతి తిరిగి రాలేదు. ఈ వయసులో కొందరికి అలా అవుతుందట. పదమూడు రోజులు నాకేమీ తెలియదు. తర్వాత నర్సు చెబితే తెలిసింది.

మంచాన్ని నేను బస్సనుకున్నాను. నర్సులందరినీ వరసగా కూర్చోమన్నాను. డాక్టరు వస్తే చూయింగ్ గమ్ ఉమ్మేసి ఎక్కమన్నాను. ఆయన ఉమ్మేశాడట కూడా. రోజూ ఎనిమిదింటికి హాజరు వేసేవాణ్ణి. ఎప్పటెప్పటి పిల్లల పేర్లో, ముప్ఫై ఏళ్ళ కిందటివి, ఒక్కటీ తప్పకుండా చెప్పానట. వరసగా ఉన్న ఆ పేర్ల మధ్య పక్కన కూర్చున్న ఆడమనిషి పేరు మాత్రం నాకు గుర్తు రాలేదు. ఆమెను చూసి, "మీరు ఏ స్టాపులో దిగాలమ్మా?" అని అడిగానట.

ఆర్డిస్ ఏమందని నర్సును అడిగాను. "'మీరు ఎక్కడ దిగితే అక్కడే' అన్నారండీ," అంది నర్సు. అన్నాక బయటికెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చిందట.

ఇంకోపక్క ఇరవై నాలుగో తారీఖు దగ్గరపడుతోంది. ఆసుపత్రి వాళ్ళు ఆర్డిస్‌ను కూర్చోబెట్టి చెప్పారు. మెట్లున్న ఇంటికి నన్ను పంపరు. సంతకాలై కొత్త ఇల్లు చేతికొస్తే ఇంటికి పంపుతారు. లేకపోతే వృద్ధుల సంరక్షణ కేంద్రానికి పంపుతారు. అక్కడికి వెళ్ళిన నా ఈడు వాళ్ళు ఎంతమంది తిరిగొచ్చారో మా ఇద్దరికీ తెలుసు. ఒక చేతి వేళ్ళు కూడా నిండవు.

ఇప్పుడు సంతకం పెట్టాల్సింది వెర్లిన్. వాడేం చేశాడంటే, నా అనుమతి అడగడానికి ఆసుపత్రికొచ్చాడు.

"హార్లన్, నీ ఇల్లు అమ్మడానికి సంతకం పెట్టమంటున్నార్రా. పెట్టనా?"

"స్టెన్‌రుడ్! మూడో వరస! బస్సు కదులుతుంటే నిలబడతావా? కూర్చో!"

వాడు కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నాడు. చూసే టైమైపోయిందని నర్సు వచ్చి లేపితే, "ఆయన దిగమనలేదండీ," అన్నాడట. ఇంటికెళ్ళి మర్నాటినుంచి ఫోనెత్తడం మానేశాడు.

ఇరవై ఐదో తారీఖు పొద్దున్న నాకు తెలివొచ్చింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆర్డిస్, ఏదో నీలం రంగుది అల్లుతోంది. ముఖం సగమైపోయింది.

"ఆర్డిస్," అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏదీ, మళ్ళీ అను."

"ఆర్డిస్ బ్రెక్కె. మా ఆవిడ. స్కూల్లో వంట చేసేది. ఓవెన్లో హాట్‌డిష్ వండితే ఉప్పు తక్కువేస్తుంది."

"హమ్మయ్య," అంది. "వచ్చేశావు." అల్లిక ఒళ్ళో పడేసి నా చేయి గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగానంటే, నర్సు పెట్టిన సూది కదిలి నేను కేకేశాను. ఇద్దరమూ నవ్వాం. నా మటుకు నాకు అలా కళ్ళమ్మట నీళ్ళు రావడం పెళ్ళైనప్పటినుంచీ అదే మొదలు.

తర్వాత నాకు భయం పట్టుకుంది. "ఇవాళ తారీఖెంత?"

"ఇరవై ఐదు."

"నిన్న సంతకాలు?"

"అయిపోయాయి. మెట్లు లేని ఇల్లు మనదే. పై వారం నిన్నక్కడికే తీసుకెళ్తున్నాను."

ఒంట్లోంచి పెద్ద బరువు దిగినట్టైంది. ఆ వెంటనే ఇంకోటి ఎక్కింది. "వెర్లినే పెట్టాడా?"

"లేదు. రెండో పేరు పెట్టింది."

సరిగ్గా అప్పుడు గుమ్మంలో వెర్లిన్ కనిపించాడు. టోపీ రెండు చేతులతో పట్టుకుని, మొహం వేలాడేసి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రెండుసార్లు వద్దని మూడోసారికి వచ్చాడు.

"ఏరా, ఒప్పుకున్నావు కదరా!" అన్నాను.

"ఒప్పుకునేవాణ్ణేరా! ఆ లాయరమ్మ మా ఇంటికే వచ్చింది. 'హార్లన్ గారి బదులు మీరు సంతకాలు పెడతారా?' అంది. అబ్బే, ఆర్డిస్ ఉండగా నేనెందుకండీ అన్నాను. 'బాగా ఆలోచించుకున్నారా?' అంది. నాకంత అర్హత ఎక్కడిదండీ అన్నాను. ఇక మూడోసారి అడుగుతుందని టోపీ తీసి సర్దుక్కూర్చున్నాను. ఆవిడ అడగలేదు! ఒక కాగితం ముందుకు తోసింది. 'ఒప్పుకోవడం లేదని ఇక్కడ సంతకం పెట్టండి' అంది."

"పెట్టావా?"

"ఇంటికొచ్చిన ఆడమనిషి కలం చేతికిస్తే పెట్టనంటే ఏం మర్యాదరా?" అని, గొంతు తగ్గించి, "నిజం చెప్పనా, పెట్టాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కాగితం గురించి తలుచుకుని వారం రోజులు అన్నం సయించలేదు," అన్నాడు.

"న్యూజెర్సీ మనిషి కదా. పాపం ఆవిడకేం తెలుసు, మూడోసారి అడగాలని," అన్నాను నేను.

"అవును, ఆవిడకు తెలియదు," అంది ఆర్డిస్, అల్లిక మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "నేనే చెప్పాను."

"మూడుసార్లు అడగమనా?"

"రెండుసార్లు అడిగితే చాలని."

మంచం పక్కన నా గుండె చప్పుడు లెక్కపెట్టే మిషను ఉంది. అది కాస్త వేగం పెంచింది.

"ఇంత జాణతనం ఎక్కడ నేర్చుకున్నావే?"

"మన వంటింట్లో. మార్చి రెండో తారీఖున."

వెర్లిన్ టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నేను పైకప్పులోని పలకలు లెక్కపెట్టాను.

"నాకు చాలా కష్టమేసింది హార్లన్," అంది ఆర్డిస్. ఈసారి గొంతులో హాస్యం లేదు. "ఆ రోజు కప్పు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నీకు తెలుసు. గుండె కోయించుకోడానికి వెళ్తున్నావు, తిరిగొస్తావో రావో తెలియదు. ఆ మాట అడిగించుకునే పాటి కూడా కానా నేను?"

"తప్పైపోయింది," అన్నాను. మా వైపు మగవాళ్ళు ఈ మాట అనరు. తప్పు చేసినప్పుడు "హాట్‌డిష్ బాగుంది" అంటారు, ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకుంటారు. కానీ ఆ రోజు అక్కడ హాట్‌డిష్ లేదు. ఉన్నా అదే అనేవాణ్ణి. "బస్సు గురించి భయపడ్డాను ఆర్డిస్."

"తెలుసు."

"బస్సు... ఎక్కడుంది?"

"పాత ఇంటి దగ్గరైతే లేదు."

నేను లేవబోయాను. ఇద్దరూ చెరో భుజం పట్టి పడుకోబెట్టారు.

"లేవకు, కుట్లున్నాయి. నీ బస్సు నిక్షేపంగా ఉంది," అంది ఆర్డిస్ కోపంగా. "అదే నా మంట! ఆరేళ్ళు దాన్ని చూసి అరిచాను. పెళ్ళాన్ని కాబట్టి ఏమైనా అనగలిగాను. ఆ కాగితం నా చేతికి రాగానే లాయరమ్మ ఏమందో తెలుసా? ఇక మీ ఇష్టం కాదమ్మా, ఆయన మేలు చూడాలి, ఆయన ఇష్టం చూడాలి అంది. ఆయనకు ప్రాణమైనదాన్ని మీకు చిరాకని అమ్మేస్తే చట్టం ఒప్పుకోదంది. నీకు కూడా అరగంట చెప్పిందట, వినలేదా?"

"తలూపాను."

"చట్టప్రకారం నీ బస్సుకు నన్ను కాపలా పెట్టావయ్యా! ఇన్సూరెన్సు అయిపోతే నేనే కట్టాను. టైర్లకు గాలి కొట్టించాను. లోపల ఉడతలు గూడు పెడితే వాటిని బతిమాలి పంపించాను. పెద్ద బండికి కట్టి లాక్కెళ్తుంటే పదకొండు మైళ్ళు వెనకాలే లైట్లు వెలిగించుకుని కారు నడిపాను, శవం వెనక వెళ్ళినట్టు."

"ఎక్కడికి?"

వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు. "మా పెరట్లోకి."

"నువ్వొప్పుకున్నావా?"

"వద్దన్నాన్రా. రెండుసార్లు వద్దన్నాను. ఆర్డిస్ మూడోసారి కూడా అడిగింది."

అదండీ సంగతి. ఎవరి చేతిలో పడితే బస్సు పోతుందని భయపడ్డానో, ఆ చేయే దాన్ని కాపాడింది. ఎవణ్ణి నమ్మి ఎత్తు వేశానో, వాడి వల్ల ఇల్లు పోయేది, నేను సంరక్షణ కేంద్రంలో కిటికీ పక్కన కూర్చుని హాజరు వేసుకుంటూ ఉండేవాణ్ణి. వెర్లిన్ మంచివాడే. చేపలు పట్టడానికి అంతకంటే మంచివాడు దొరకడు.

పై వారం కొత్త ఇంటికి వచ్చాం. కారు దిగి, గడప దాటి, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి మంచంమీద కూర్చున్నాను. ఎక్కడా ఒక్క మెట్టు తగల్లేదు. నాకెంత హాయిగా అనిపించిందంటే, లేచి మళ్ళీ గుమ్మందాకా వెళ్ళి ఇంకోసారి నడిచొచ్చాను.

మే నెలలో ఇద్దరమూ కాపెల్లి ఆఫీసుకు వెళ్ళాం. పాత కాగితం రద్దు చేయించి, మొదటి పేరు ఆర్డిస్ అని కొత్తది రాయించాను. సంతకం కూడా మామూలు కంటే పెద్దగా, వంపులు తిప్పి పెట్టాను. కాపెల్లి కాఫీ కావాలా అంటే మొదటిసారికే ఇవ్వమన్నాను. చావు దాకా వెళ్ళొచ్చినవాడికి ఆ మాత్రం ధైర్యం వస్తుంది.

"ఇప్పుడు మీ కాగితం రాద్దామమ్మా," అంది కాపెల్లి ఆర్డిస్‌తో. "మొదటి పేరు?"

నేను కాలరు సర్దుకుని కాస్త ముందుకు జరిగాను.

"లోర్నా," అంది ఆర్డిస్. "మా చెల్లెలు."

కాపెల్లి టైపు చేసింది. "రెండో పేరు?"

ఆర్డిస్ నన్ను కిందనుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది, బజారులో చేపను చూసినట్టు. "సరే, హార్లన్‌ని వేయండి."

"అదేమిటి ఆర్డిస్?" అన్నాను. "మీ చెల్లెలు నాకంటే ఎక్కువైందా? నేను నీ పేరు మొదట రాయించలేదూ?"

"కోపం తెచ్చుకోకు. నీకు తెలివి తప్పితే నేనేం చేస్తానో నువ్వు చూశావు. నాకు తెలివి తప్పితే నువ్వేం చేస్తావో నాకూ కాస్త తెలుసు. నీకు తెలివి ఉన్నప్పుడు చూశానుగా."

కాపెల్లి దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకుంది. నేను చొక్కా జేబుమీద చేయి వేసుకున్నాను. ఎందుకంటే ఆ వారమే ఇంకో ఊళ్ళో ఒక పాత ఫైరింజన్ అమ్మకానికుందని పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని ఉన్నాను. ఆమె చూపు ఆ జేబుమీదే ఉంది.

నేను రెండో వరసలో నా పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను. పడింది. విచిత్రమేమిటంటే, మనసుకు తేలిగ్గానే అనిపించింది. మా ఇద్దరిలో బుద్ధి ఉన్న మనిషి ఎవరో ఊరికంతా తెలుసు. ఇప్పుడు కాగితాలకూ తెలిసింది.

బయటికొచ్చాక ఆర్డిస్ కారు తాళాలు నా చేతిలో పెట్టింది. నడపొచ్చని డాక్టరు అంతకు ముందు రోజే చెప్పాడు. మార్చి నుంచీ ఆసుపత్రికీ ఇంటికీ అన్ని మైళ్ళూ తనే నడిపింది.

"నెమ్మదిగా పోనీ," అని సీటు వెనక్కి వాల్చుకుంది.

రెండు వీధులు దాటేసరికి నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని, చేతులు రెండూ ఒళ్ళో వదిలేసి, మూడు నెలల నిద్ర ఒకేసారి పోతున్నట్టు పోయింది. ఇల్లు వచ్చింది. లేపబుద్ధి కాలేదు. బండి ఆపకుండా సరస్సు చుట్టూ ఒక చుట్టు తిప్పాను, అదయ్యాక ఇంకో చుట్టు తిప్పాను.